ఇంగ్లండ్ సరస్సుల సీమలో సైకిల్ దారులు

ఇంగ్లండ్ వాయవ్య మూలన, ఐరిష్ సముద్రానికీ పెనైన్ కొండల వరసకూ నడుమ ఉన్న కొండసీమ పేరు లేక్ డిస్ట్రిక్ట్. దీన్ని 1951లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2017లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఉద్యానవనం విస్తీర్ణం 2,362 చదరపు కిలోమీటర్లు. ఇంగ్లండ్‌లో 3,000 అడుగుల ఎత్తు దాటిన శిఖరాలన్నీ ఈ కాస్త జాగాలోనే ఉన్నాయి. వాటిలో పెద్దది స్కాఫెల్ పైక్, ఎత్తు 978 మీటర్లు. మన తూర్పు కనుమల ముందు ఈ అంకె పెద్దదేమీ కాదు. అయినా బ్రిటన్‌లో సైకిలు తొక్కేవాళ్లు అందరికంటే ఎక్కువగా చెప్పుకునేదీ, భయపడేదీ ఈ సీమ గురించే. కారణం కొండల ఎత్తు కాదు, రోడ్ల తీరు.

ఆ తీరును ఒక్క మాటలో చెప్పవచ్చు. ఇక్కడ తొక్కడానికి తేలికైన రోడ్డు మీద కార్లు కిక్కిరిసి ఉంటాయి, కార్లు లేని రోడ్డు గోడలా నిలబడి ఉంటుంది. తేలికా ప్రశాంతతా రెండూ కలిసిన దారులు కొన్నే. అలాంటి ప్రతి దారి వెనకా ఏదో ఒక కథ ఉంటుంది: మూతపడిన రైలుమార్గమో, నీటమునిగిన ఊరో, రైలు చేరని లోయో.

నేల, దారి

ఈ సీమ నడిబొడ్డున గట్టి అగ్నిపర్వత శిలలు, ఉత్తరాన పలకరాయి కొండలు ఉన్నాయి. మంచుయుగాల్లో హిమానీనదాలు ఈ కొండలను గీరుకుంటూ నలువైపులకూ జారాయి. అవి దొలిచిన లోతైన లోయల్లో నీరు నిలిచి పొడవాటి సన్నని సరస్సులు ఏర్పడ్డాయి. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పొడవైన విండర్‌మియర్ సుమారు 17 కి.మీ. సాగుతుంది. అన్నిటికంటే లోతైన వాస్ట్ వాటర్‌లో లోతు 79 మీటర్ల దాకా ఉంటుంది. కొన్నిచోట్ల వాగులు మోసుకొచ్చిన ఒండ్రు ఒకే సరస్సును రెండు ముక్కలు చేసింది. బటర్‌మియర్, క్రమక్ వాటర్ అలా విడిపోయినవే. ఆ ఒండ్రు నేల మీద ఇప్పుడు పొలాలున్నాయి.

ఈ లోయల అమరికను అర్థమయ్యేలా చెప్పినవాడు కవి విలియం వర్డ్స్‌వర్త్. యాత్రికుల కోసం తను రాసిన మార్గదర్శినిలో, గ్రేట్ గేబుల్, స్కాఫెల్ కొండల మధ్య ఒక మేఘం మీద నిలబడి కిందికి చూస్తున్నట్టు ఊహించుకోమంటాడు. అక్కడినుంచి లోయలన్నీ బండిచక్రపు ఆకుల్లా నలుదిక్కులకూ విచ్చుకుపోతూ కనిపిస్తాయి. సైకిలు ఇంకా పుట్టని కాలపు మాట అయినా, సైకిలు మీద వచ్చేవాడికి ఇంతకంటే పనికొచ్చే పటం లేదు. ఒక ఆకు వెంట సాగితే దారి దాదాపు చదునుగా ఉంటుంది. పక్క ఆకు మీదికి మారాలంటే మాత్రం నడుమ ఉన్న కొండను కనుమ మీదుగా దాటాలి, లేదంటే చక్రపు అంచు దాకా వెళ్లి తిరిగి రావాలి. వాస్‌డేల్ హెడ్ నుంచి బారోడేల్‌లోని సీత్‌వెయిట్‌కు కొండబాటన నడిచి పోవడం రెండు మూడు గంటల పని. అదే రోడ్డు మీద చుట్టి రావాలంటే 50 కి.మీ. పైమాటే.

కనుమల మీది రోడ్లు ఎందుకంత నిటారుగా ఉన్నాయో తెలియాలంటే మన ఘాట్ రోడ్లతో పోల్చి చూడాలి. తిరుమల ఘాట్ రోడ్డునైనా అనంతగిరి మీదుగా అరకుకు పోయే రోడ్డునైనా మోటారు బండి ఎక్కగలిగేట్టు ఇంజనీర్లు కొలిచి వేశారు. మలుపు మీద మలుపు తిప్పి ఏటవాలును కిలోమీటర్ల పొడవునా పంచారు. లేక్ డిస్ట్రిక్ట్ కనుమల్లో చాలావాటిని అలా ఎవరూ కొలిచి వేయలేదు. గుర్రాల మీద ఉన్నీ, పలకరాయీ మోసుకుపోయిన బాటలనే, వాటి ఏటవాలు మార్చకుండా, తర్వాతి కాలంలో తారు పోసి రోడ్లన్నారు. బాటకు రెండు పక్కలా అప్పటికే రాతిగోడలు లేచి ఉన్నందువల్ల వెడల్పు చేసే వీలూ లేకపోయింది. సున్నం, సిమెంటు ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన ఆ గోడల మధ్య ఒక్క కారు మాత్రమే పడుతుంది. ఎదురుగా ఇంకొకటి వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లి, రోడ్డు కాస్త ఉబ్బిన చోట ఒదగాలి. అలవాటు లేని డ్రైవర్లు ఇలాంటి రోడ్ల జోలికి రారు. సైకిలు తొక్కేవాళ్లకు ఆ గోడలు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

రైలు ఆగిన చోటు

రద్దీ ఏ మూలన ఉందో తెలియాలంటే 1847 నాటి సంగతి చూడాలి. ఆ ఏడాది కెండల్ మీదుగా వచ్చిన రైలుమార్గం విండర్‌మియర్ సరస్సుకు కాస్త ఎగువన ఆగిపోయింది. అంతకు మూడేళ్ల ముందే వర్డ్స్‌వర్త్ దాన్ని వ్యతిరేకిస్తూ పత్రికకు లేఖలు రాశాడు. 1870లలో దాన్ని ఆంబుల్‌సైడ్ దాకా పొడిగిస్తామంటే ఈసారి రచయిత జాన్ రస్కిన్ గొంతెత్తాడు. పొడిగింపు జరగలేదు. జనం కొండలు చూడటానికి వస్తే కొండలు పాడవుతాయన్న వాళ్ల వాదనలో పెద్దింటివాళ్ల ధోరణి కొంత లేకపోలేదు. అయినా దాని ఫలితం ఇప్పటికీ నేల మీద కనిపిస్తుంది. విండర్‌మియర్, ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్ ఊళ్లను కలిపే ఏ591 రోడ్డు ఈ సీమలోకెల్లా రద్దీ అయినవాటిలో ఒకటి. తర్వాత వచ్చిన ఎం6 మోటారు రహదారి కూడా తూర్పు పక్కనుంచే సాగింది. అందువల్ల కార్లన్నీ తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో పోగవుతాయి. పడమటి లోయలైన ఎస్క్‌డేల్, డడన్, వాస్‌డేల్, ఎన్నర్‌డేల్, లార్టన్‌లకు చేరాలంటే కొండలన్నీ చుట్టి రావాలి. ఒక్క రోజు చూసిపోదామని వచ్చేవాళ్లకు అంత ఓపిక ఉండదు.

సైకిలుకు ఉపకరించిన రైలుమార్గం ఇంకొకటుంది. కాకర్‌మౌత్, కెస్విక్, పెన్‌రిత్ ఊళ్లను కలుపుతూ 1860లలో వేసిన లైనులో కెస్విక్‌కు పడమటి భాగం 1966లో, తూర్పు భాగం 1972లో మూతపడ్డాయి. ఆ తర్వాత ఆ రెండు భాగాల గతి వేరువేరు అయింది. పడమట బాసెంత్‌వెయిట్ సరస్సు ఒడ్డున పట్టాలున్న కట్ట మీద ఏ66 రహదారి వేశారు. అక్కడ ఇప్పుడు లారీలు దూసుకుపోతుంటాయి. తూర్పున కెస్విక్ నుంచి త్రెల్‌కెల్డ్ దాకా ఉన్న సుమారు 5 కి.మీ. మాత్రం నడిచేవాళ్లకూ సైకిళ్లకూ దక్కింది. గ్రెటా నదిని మళ్లీ మళ్లీ దాటుతూ, అడవి నీడన, రైలుకు తగిన మెత్తని ఏటవాలుతో సాగే ఈ బాట మీద పిల్లలు కూడా హాయిగా తొక్కగలరు. 2015 డిసెంబరులో డెస్మండ్ తుపాను దీని వంతెనలు కొన్నిటిని ఊడ్చుకుపోయింది. అయిదేళ్లు పనిచేసి, పూడిపోయిన పాత సొరంగాన్ని కూడా తవ్వి తెరిచి, 2020 డిసెంబరులో మళ్లీ జనానికి అప్పగించారు.

ఈ బాట సముద్రం నుంచి సముద్రానికి సాగే సీ టు సీ దారిలో ఒక ముక్క. సైకిలు దారుల కోసం పనిచేసే సస్ట్రాన్స్ సంస్థ 1994లో తెరిచిన ఆ దారి పడమటి తీరంలో వైట్‌హేవెన్ లేదా వర్కింగ్‌టన్ దగ్గర మొదలై, తూర్పు తీరంలో టైన్‌మౌత్ లేదా సండర్లండ్ దాకా సుమారు 225 కి.మీ. పోతుంది. వెనక చక్రం ఐరిష్ సముద్రంలో తడిపి బయల్దేరడం, ముందు చక్రం ఉత్తర సముద్రంలో తడిపి ముగించడం ఆనవాయితీ. పడమటినుంచి తూర్పుకే తొక్కాలని అనుభవజ్ఞులు చెప్పేది గాలిని చూసి. ఇక్కడ ఎక్కువ రోజులు నైరుతి గాలే వీస్తుంది. వైట్‌హేవెన్ నుంచి మొదటి కిలోమీటర్లు ఒకప్పుడు ఇనుపరాయి మోసిన రైలుకట్ట మీదే సాగుతాయి. ఆ తర్వాత లోస్‌వాటర్, లార్టన్ లోయ, విన్‌లాటర్ కనుమ మీదుగా దారి కెస్విక్‌లోకి దిగుతుంది. ఈ సీమను మొదటిసారి చూసేవాళ్లకు ఈ ఒక్క రోజు పయనం చాలు.

నీళ్ల వెంట

సరస్సుల్లో చాలావాటికి ఒక ఒడ్డున పెద్ద రోడ్డు, ఎదుటి ఒడ్డున చిన్న రోడ్డు ఉంటాయి. ఎదుటి ఒడ్డు పట్టుకోవడమే ఇక్కడి సైకిలు విద్యలో సగం.

కోనిస్టన్ వాటర్ తూర్పు ఒడ్డు ఇందుకు మంచి ఉదాహరణ. ఓక్ చెట్ల కింద సన్నని రోడ్డు పడుతూ లేస్తూ సాగుతుంది. ఎదుటి ఒడ్డున కోనిస్టన్ ఓల్డ్ మ్యాన్ కొండ నిలబడి ఉంటుంది. దారిలోనే బ్రాంట్‌వుడ్ వస్తుంది. 1872 నుంచి 1900లో చనిపోయేదాకా రస్కిన్ ఉన్న ఇల్లు ఇదే. ఆయన రాసిన ‘అన్‌టు దిస్ లాస్ట్’ను గాంధీ 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణంలో చదివాడు. కొన్నేళ్లకు ‘సర్వోదయ’ పేరుతో గుజరాతీలో దాని సారాన్ని రాశాడు. రైళ్లంటే గిట్టని రస్కిన్ పుస్తకం రైల్లోనే అంత పని చేసింది. కోనిస్టన్ సరస్సు మీదే 1967 జనవరి 4న డోనల్డ్ క్యాంప్‌బెల్ తన బ్లూబర్డ్ పడవతో వేగంలో కొత్త రికార్డుకు ప్రయత్నిస్తూ ప్రాణాలు కోల్పోయాడు.

విండర్‌మియర్‌కు పడమటి ఒడ్డు నప్పుతుంది. బౌనెస్ ఊరి దగ్గర ఇనుప తాళ్ల మీద సాగే పంటు కార్లతోపాటు సైకిళ్లనూ ఎదుటి ఒడ్డుకు దాటిస్తుంది. కార్లు గంటల తరబడి వరసలో ఆగే రోజుల్లో కూడా సైకిలుకు చోటు దొరుకుతుంది. పంటు దిగాక కుడివైపు ఒడ్డు వెంట రే క్యాసిల్ దాకా గులకబాట ఉంది. సన్నని టైర్ల సైకిలుకు అది సరిపడదు. రోడ్డు పట్టుకుని పైకి ఎక్కితే నియర్ సారే ఊరొస్తుంది. పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1905లో కొన్న హిల్ టాప్ ఇల్లు అక్కడే ఉంది. 1943లో చనిపోతూ ఆమె 4,000 ఎకరాల పైచిలుకు భూమిని, పాత పొలాలనూ కట్టడాలనూ కాపాడే నేషనల్ ట్రస్టుకు వదిలి వెళ్లింది. ఈ చుట్టుపక్కల రోడ్ల పక్కన ఇళ్లు మొలవకుండా పాత పొలాలే ఉండటానికి ఆ వీలునామా కూడా ఒక కారణం. అక్కడినుంచి హాక్స్‌హెడ్ మీదుగా గ్రైజ్‌డేల్ అడవిలోకి పోయే రోడ్డు దక్షిణ భాగంలోని మంచి దారుల్లో ఒకటి.

తర్ల్‌మియర్, హాస్‌వాటర్ సరస్సులది వేరే కథ. ఈ రెండూ మాంచెస్టర్ నగరానికి తాగునీటి కోసం ఆనకట్టలు కట్టి పెంచినవి. తర్ల్‌మియర్‌కు 1879లో పార్లమెంటు అనుమతి వచ్చింది. 1894లో నీళ్లు 150 కి.మీ. పైచిలుకు కాలువలూ గొట్టాల గుండా, ఒక్క పంపు కూడా లేకుండా, పల్లానికి పారుతూ మాంచెస్టర్ చేరాయి. తూర్పు ఒడ్డున ఏ591 హోరెత్తుతుంటే పడమటి ఒడ్డున నీటి సంస్థ వేసిన రోడ్డు చెట్ల మధ్య నిశ్శబ్దంగా సాగుతుంది. కొండచరియలు, చెట్లు కూలే భయంతో దాన్ని అప్పుడప్పుడు మూసేస్తుంటారు కాబట్టి ముందే కనుక్కుని వెళ్లడం మేలు. హాస్‌వాటర్ కింద 1930లలో మార్డేల్ గ్రీన్ అనే ఊరు మునిగిపోయింది. చర్చి ఆవరణలోని సమాధులు తవ్వి 97 మంది అవశేషాలను షాప్ ఊరికి తరలించి అక్కడ పూడ్చారు. లోయలోని పాత రోడ్డు మునిగాక తూర్పు ఒడ్డున కొత్తది వేశారు. అది మార్డేల్ హెడ్ దగ్గర ఆగిపోతుంది, ముందుకు దారి లేదు. ఎక్కడికీ పోని రోడ్డు మీదికి బండ్లెందుకొస్తాయి? ఎండలు ముదిరిన ఏళ్లలో నీరు తగ్గితే పాత ఊరి రాతిగోడలూ చిన్న వంతెనా బయటపడతాయి. వాటిని చూడటానికి జనం ఎగబడే ఆ కొద్ది వారాలే ఈ రోడ్డు రద్దీగా ఉండేది.

ఉల్స్‌వాటర్ తూర్పు ఒడ్డు రోడ్డు కూడా ఇలాంటిదే. పూలీ బ్రిడ్జ్ నుంచి హౌటౌన్ దాకా నీటి పక్కనే పోయి, ఆ తర్వాత మెలికలు తిరుగుతూ మార్టిండేల్ లోయలోకి ఎక్కి ఆగిపోతుంది. పూలీ బ్రిడ్జ్‌లో 1764 నాటి రాతి వంతెన డెస్మండ్ తుపానుకు కొట్టుకుపోయింది. దాని స్థానంలో 2020లో ఉక్కు వంతెన వచ్చింది.

పడమటి లోయలు

ఈ సీమలో ఒక్క దారే ఎంచుకోమంటే డడన్ లోయను చెప్పాలి. వర్డ్స్‌వర్త్ ఈ నది మీద వరసగా సానెట్లు రాసి 1820లో అచ్చువేశాడు. అయినా యాత్రికులు ఇటు తిరగలేదు, ఎందుకంటే ఇక్కడ సరస్సు లేదు. డడన్ బ్రిడ్జ్ నుంచి ఉల్ఫా మీదుగా కాక్లీ బెక్ దాకా నది పక్కనే, గోడల నడుమ, గేట్లు తీసుకుంటూ మూసుకుంటూ పోవాలి. ఉల్ఫా దగ్గర ఎడమకు తిరిగితే బర్కర్ ఫెల్ మీదుగా ఎస్క్‌డేల్‌లోకి దారి ఉంది. ఎక్కడం కష్టమే. కానీ పైకి చేరాక గోడలు మాయమై విశాలమైన బీడు తెరుచుకుంటుంది, స్కాఫెల్ కొండలన్నీ ఎదుట వరస కడతాయి.

ఇలాంటి బీళ్ల మీద రోడ్డుకు కంచె ఉండదు. బీడు మొదలయ్యే చోట గొర్రెలు దాటకుండా రోడ్డులో గుంట తవ్వి పైన ఇనుప కమ్ములు అడ్డంగా పరుస్తారు. వాన రోజున వాటి మీద చక్రం వంకరగా పెడితే పడ్డట్టే. తిన్నగా, బ్రేకు వేయకుండా దాటాలి. అక్కడ మేసేవి హెర్డ్‌విక్ గొర్రెలు. నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ బూడిదరంగుకు మారతాయి. తమ మంద మేసే కొండవాలు ఏదో తల్లి వెంట తిరిగి నేర్చుకుంటాయి కాబట్టి కంచె లేకపోయినా దాటిపోవు. సైకిలు తొక్కేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. ఏప్రిల్, మే నెలల్లో తల్లి రోడ్డుకు ఒక పక్క, పిల్ల ఇంకో పక్క కనిపిస్తే వేగం తగ్గించాలి. సైకిలు దగ్గరికొచ్చిన క్షణానే పిల్ల తల్లి దగ్గరికి దూకుతుంది.

వాస్ట్ వాటర్ ఒడ్డు రోడ్డు వాస్‌డేల్ హెడ్‌లో ఆగిపోతుంది. ఎదుటి ఒడ్డున రాతిముక్కల వాలు కొండ నడుమనుంచి తిన్నగా నీళ్లలోకి జారి ఉంటుంది. ఎన్నర్‌డేల్ వాటర్‌కైతే ఒడ్డు వెంట మోటారు రోడ్డే లేదు. ఈ లోయలో మామూలు బండ్లను చాలా ముందే ఆపేస్తారు. పైకి అటవీశాఖ మట్టిబాటలే గతి.

కనుమలు

కనుమల్లో ఎత్తయినది కిర్క్‌స్టన్, 454 మీటర్లు. ఆంబుల్‌సైడ్ నుంచి దాని మీదికి పోయే రోడ్డును స్థానికులు ‘స్ట్రగుల్’ అంటారు, అంటే పెనుగులాట. కెస్విక్ దగ్గరి విన్‌లాటర్ 318 మీటర్లే, ఏటవాలు కూడా దయగలది. హానిస్టర్ 356 మీటర్లు, న్యూలాండ్స్ 333 మీటర్లు. కెస్విక్ నుంచి బారోడేల్ లోయ మీదుగా హానిస్టర్ ఎక్కి, బటర్‌మియర్‌లోకి దిగి, న్యూలాండ్స్ మీదుగా తిరిగొస్తే సుమారు 35 కి.మీ. అంకె చూసి పొద్దున్నే ముగుస్తుందనుకోకూడదు. సీటోలర్ దగ్గర రోడ్డు ఒక్కసారిగా నాలుగు మీటర్లకు ఒక మీటరు చొప్పున లేస్తుంది. అయినా ఎక్కువమంది సైక్లిస్టులకు నచ్చేది ఈ చుట్టే. మూడు లోయలు, మూడు రకాల వెలుగు ఒకే పూటలో దొరుకుతాయి.

ఎస్క్‌డేల్ నుంచి కాక్లీ బెక్‌కు దాటించే హార్డ్‌నాట్ కనుమ ఎత్తు 393 మీటర్లు. అయితే రోడ్డు రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే దాదాపు 300 మీటర్లు ఎక్కుతుంది. కొన్ని చోట్ల మూడు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేవాలి. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ముందుకు వంగితే వెనక చక్రం పట్టు తప్పి జారుతుంది. దిగి తోసుకుపోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, తోయడమూ తేలిక కాదు. ఈ దారిని మొదట వేసింది రోమన్లు. తీరంలోని రేవెన్‌గ్లాస్‌ను ఆంబుల్‌సైడ్‌తో కలిపే ఈ దారికి కాపలాగా హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కనుమ కింద కోట కట్టారు. దాని గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఏడ్రియాటిక్ తీరపు డాల్మేషియా దళం ఇక్కడ కాపలా ఉండేది. ఆ వెచ్చని తీరం వదిలి వచ్చినవాళ్లు ఈ చలిలో, ఈ ముసురులో ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు. కాక్లీ బెక్ దాటగానే రైనోస్ కనుమ మొదలవుతుంది.

ఈ కనుమలన్నీ ఒకే రోజున దాటే పయనం ఒకటుంది. లేక్స్ రోడ్ క్లబ్ కార్యదర్శిగా పనిచేసిన ఫ్రెడ్ విటన్ 1998లో కేన్సర్‌తో చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా 1999 నుంచి ఫ్రెడ్ విటన్ ఛాలెంజ్ జరుగుతోంది. ఇప్పుడు గ్రాస్‌మియర్ నుంచి మే నెలలో సాగే ఈ చుట్టు పొడవు 112 మైళ్లు, అంటే సుమారు 180 కి.మీ. నిర్వాహకుల క్రూరత్వం ఎక్కడుందంటే, హార్డ్‌నాట్, రైనోస్ రెండిటినీ చివరికి అట్టిపెట్టారు. వంద మైళ్లు తొక్కి అలిసిన కాళ్లతో వాటిని ఎక్కాలి.

వాన, వేళ, సరంజామా

ఈ సీమ వానకు పుట్టిల్లు. సీత్‌వెయిట్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది, ఆంధ్రప్రదేశ్ సగటుకు మూడింతలన్నమాట. డెస్మండ్ తుపానులో హానిస్టర్ దగ్గర 24 గంటల్లో 341.4 మి.మీ. పడి బ్రిటన్ రికార్డు తిరగరాసింది. అయితే ఈ వానంతా కొండల నడిమిదే. సీత్‌వెయిట్‌లో కుండపోత పోస్తున్న రోజున ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని పెన్‌రిత్ వైపు రోడ్లు పొడిగా ఉండవచ్చు. వాతావరణం బాగాలేకపోతే ప్రయాణం మానుకోనక్కర్లేదు, దిక్కు మార్చుకుంటే చాలు. స్కిడా కొండకు వెనక, ఉత్తరాన ఉన్న మంగ్రిజ్‌డేల్, హెస్కెట్ న్యూమార్కెట్, కాల్డ్‌బెక్, ఉల్డేల్ ఊళ్ల చుట్టూ ఉన్న రోడ్లు ఇందుకు అక్కరకొస్తాయి. అక్కడ సరస్సులు లేవు, యాత్రికుల బస్సులూ లేవు. ఎత్తుపల్లాలు కూడా కాళ్లు ఓర్చుకోగలిగినవే.

జూన్‌లో తెల్లవారుజామున అయిదు లోపే సూర్యుడు వస్తాడు, రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది. సాయంత్రం ఆరు దాటాక పగటి యాత్రికులు వెళ్లిపోతారు. ఆ తర్వాతి మూడు నాలుగు గంటల్లో బారోడేల్ లాంటి రద్దీ లోయ కూడా ఖాళీ అయిపోతుంది. బడి సెలవులుండే జులై చివర, ఆగస్టు నెలలకంటే మే, జూన్, సెప్టెంబరు నెలలు మేలు. చలికాలంలో కనుమల మీద మంచు గడ్డకడుతుంది. హార్డ్‌నాట్, రైనోస్ వైపు అప్పుడు పోకూడదు.

సైకిలుకు కావలసినవి రెండు: అతి చిన్న గేరు, నమ్మదగిన బ్రేకులు. పెడలు దగ్గరి పళ్ల చక్రానికి ఎన్ని పళ్లుంటే వెనక అతి పెద్ద చక్రానికీ అన్ని పళ్లుండాలన్నది ఇక్కడి లెక్క. దిగేటప్పుడు గోడ మలుపు అవతల గొర్రె కాని ట్రాక్టరు కాని ఉంటుందన్న లెక్కతోనే దిగాలి. బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి ఆ తికమక లేదు. జేబులో వేసుకోవడానికి కెండల్ మింట్ కేక్ ఉంది. పేరులో కేకున్నా అది పుదీనా వాసన కలిపిన పటికబెల్లం ముక్క లాంటిది. 1953 ఎవరెస్టు యాత్రికులు దాన్ని వెంట తీసుకువెళ్లారు.

రైలు మీద వచ్చేవాళ్లకు మూడు ద్వారాలున్నాయి. లండన్, గ్లాస్గోల మధ్య నడిచే రైళ్లలో వచ్చి పెన్‌రిత్‌లో దిగితే ఉల్స్‌వాటర్, కెస్విక్ దగ్గర. ఆక్సెన్‌హోమ్‌లో దిగితే దక్షిణ సరస్సులు దగ్గర. పడమటి లోయలకు మాత్రం కార్లైల్, బారో ఊళ్ల మధ్య సముద్రపు ఒడ్డున పోయే చిన్న రైలే దిక్కు. రేవెన్‌గ్లాస్‌లో దిగితే ఎస్క్‌డేల్ ఎదురుగానే ఉంటుంది. ఏ రైల్లోనైనా సైకిళ్లకు చోటు కొద్దిగానే ఉంటుంది కాబట్టి, దూరపు రైళ్లలో టికెట్టుతోపాటే సైకిలుకూ చోటు రాయించుకోవాలి.